పొట్టిదాని గెంతు

మా వాలీబాల్ జట్టులో అందరికన్నా పొట్టిదాన్ని నేనే. ఈ మాట ముందుగా నేనే చెప్పేస్తాను. ఇంకెవరైనా చెబితే నాకు ఒళ్లు మండుతుంది. అరకు పక్కన కొండ మీద మా అత్తవారి ఊరు. అక్కడి ప్రైమరీ స్కూల్లో నేను టీచర్ని. ఐదో తరగతి ఆడపిల్లలు కొందరు అప్పుడే నా చెవి దాటి పెరిగారు. బోర్డు పైన తేదీ వెయ్యాలంటే నాకు స్టూలు కావాలి. పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వుతాను, నవ్వడం అయ్యాక ఎక్కాలు అప్పజెప్పమంటాను. అక్కడితో నవ్వులు ఆగిపోతాయి.

మా వైపు ఆడవాళ్లకి వాలీబాల్ జట్టు ఉండడం వింతేమీ కాదు. సరైన రోడ్డు లేని ఊళ్లో కూడా రెండు కర్రలు పాతి నెట్ కట్టి ఉంటుంది. సాయంత్రం పొలం నుంచి వచ్చినవాళ్లు కొంగు నడుముకి బిగించి ఆటలోకి దిగిపోతారు. పండగలప్పుడు ఊరూరికీ పోటీలు, గెలిచిన జట్టుకి పొట్టేలు, ఓడినవాళ్లకి కోళ్లు. మా ఆటలో చోట్లు మారవు. ముందు నిలబడ్డవాళ్లు ఆట అయ్యేదాకా ముందే, వెనకున్నవాళ్లు వెనకే. ఎవరెక్కడ నిలబడాలో మా తోటికోడలు చెబుతుంది. ఆమెని నేను అక్కా అంటాను. ఆమే కెప్టెను, ఆమే లిఫ్టరు. లిఫ్టరంటే నెట్ దగ్గర బంతిని పైకి లేపి, షాట్ కొట్టేవాళ్లకి అందించే మనిషి. ఎవరికి అందించాలన్నది పూర్తిగా ఆమె ఇష్టం. నాకు మాత్రం ఎన్నడూ అందించలేదు.

నా చోటు వెనక వరసలో. అవతలివాళ్లు కొట్టిన బంతి నేల మీద పడకుండా లేపడం నా పని. బాగానే చేసేదాన్ని, మోకాళ్ల మీద మచ్చలే సాక్ష్యం. కానీ నాకు కావలసింది అది కాదు. నెట్ దగ్గర గాల్లోకి లేచి, బంతిని అవతలి కోర్టులోకి దిగ్గొట్టాలి. బాలింతరాలిగా ఉన్నప్పుడు కూడా, పాపకి పాలిస్తూ, అదే ఆలోచించేదాన్ని. అక్కని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు.

"ఏటి, నిచ్చెన ఏసుకుని కొడతావా? ఎనక్కెల్లు, బేగి."

ఆమె పొడుగు మనిషి. పొడుగువాళ్లకి పొట్టివాళ్ల కోరికలన్నీ తమాషాగానే కనిపిస్తాయి.

కాఫీ పళ్లు కోసే కాలం అది. మా తోట లోయ వాలులో ఉంది. పళ్లు కొనే వ్యాను రోడ్డు దిగి రాదు కాబట్టి బస్తాలు మేమే నెత్తికెత్తుకుని పైకి మొయ్యాలి. దారిలో ఒక మలుపు దగ్గర నడుమెత్తు బండ ఉంది. బస్తాని దాని మీదికి జార్చి ఊపిరి తీసుకోవచ్చు, మళ్లీ ఎత్తుకోడానికి వంగక్కర్లేదు. ఆ బండ దాకా ఎవరూ ఆగరు, అది దాటాక రోడ్డు దాకా ఆగరు. రోడ్డు మీద బస్తా దించి, కాసేపు గట్టు మీద కూలబడి లేచాక ఒకటి జరుగుతుంది. కొండ మీద పెరిగినవాళ్లందరికీ అది తెలుసు. ఒళ్లు ఒక్కసారిగా తేలికైపోతుంది. అడుగు వేస్తే నేల తగలనట్టే ఉంటుంది. చిన్నప్పుడు మా పుట్టింటి దగ్గర కట్టెల మోపులు దించి, చింతకొమ్మ అందుకునే పందేలు వేసుకునేవాళ్లం. మామూలప్పుడు అందని కొమ్మ మోపు దించాక అందేది.

ఆ సంగతి పట్టుకుని నేనొక లెక్క వేశాను. కొంత బరువు మోస్తే కొంత తేలికైనప్పుడు, బోలెడు బరువు మోస్తే బోలెడంత తేలిక కావాలి కదా. టీచర్ని, లెక్కలు నాకు అలవాటే.

ఆ లెక్క పనికొచ్చే రోజు తొందరగానే వచ్చింది. మా జట్టులో షాట్లు కొట్టే పిల్ల పురిటికి పుట్టింటికి వెళ్లింది. ఆదివారం అరకు ఆడపిల్లల హైస్కూల్ గ్రౌండులో ఆట ఉంది. వేరే గతి లేక అక్క నన్ను ముందుకి రమ్మంది. "ఒక్కపాలి సూత్తాను, తేడా వత్తే ఎనక్కే" అంది. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారగానే తోటలోకి దిగాను. నా బస్తాలు మోశాను, అక్క బస్తాలు కూడా మోశాను, మా ఆయన చేతిలోది లాక్కుని అదీ మోశాను. బండ దగ్గర కూడా ఆగలేదు. అత్త నన్ను చూసి మురిసిపోయి, ఇన్నాళ్లకి కోడలికి బుద్ధొచ్చిందని చుట్టుపక్కలవాళ్లకి చెప్పుకుంది.

మధ్యాహ్నం కోర్టులోకి దిగాక గానీ తెలియలేదు, నా కాళ్లు నావి కావని. అక్క బంతి లేపింది. నేను లేచాను అనుకున్నాను. మడమలు నేలని వదిలాయో లేదో కూడా అనుమానమే. మొదటి బంతి నెట్‌లో తగిలింది. తర్వాతది నా తల మీంచి పోయింది. ఇంకోటి నా మొహానికే తగిలింది. జనం నవ్వారు. అక్క నవ్వలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

"ఎనక్కెల్లే," అంది, అందరి ముందూ.

వెళ్లాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది దిగులుతో వచ్చిన ఏడుపు కాదు, ఒళ్లంతా రగిలిపోయి వచ్చిన ఏడుపు.

ఆ రోజు అంపైరు ఆ స్కూల్లో ఆటలు నేర్పే పీడీ మేడం. ఆమెది శ్రీకాకుళం వైపు. ఒకప్పుడు హైజంప్ చేసేదట, ఇప్పటికీ మెట్లు ఒక్కొక్కటిగా దిగదు. ఆట అయ్యాక కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే నా పక్కకొచ్చి నిలబడింది.

"టీచర్‌గారూ, పొద్దున్న ఏటి సేసేరు?"

చెప్పాను. బస్తాలు, తేలిక, చింతకొమ్మ, నా లెక్క, అన్నీ. ఆమె నవ్వి నవ్వి కుళాయి గట్టు మీద కూర్చుండిపోయింది.

"ఓలమ్మో! ఆట ఇంటికాడే ఆడేసి వచ్చేరన్నమాట!" అని, కళ్లు తుడుచుకుని అంది, "మీరు పట్టుకున్నది నిజమేనండీ. తప్పంతా ఎంత మొయ్యాలన్న దగ్గరే. బరువెత్తితే కాల్లు మేలుకుంటాయి. అలిసిపోయేదాకా ఎత్తితే మల్లీ పడుకుంటాయి."

స్కూలు వెనక రేకుల షెడ్డులోకి తీసుకెళ్లింది. ఇనప బారు ఒకటి, దానికి తగిలించే తుప్పు పట్టిన బరువు చక్రాలు కొన్ని ఉన్నాయి. ముందు నా వేలికి తడి ఎర్రమట్టి పూసి, గోడ పక్కన నిలబెట్టి, గెంతి ఎంత అందితే అంత ఎత్తున గుర్తు పెట్టమంది. పెట్టాను. అలిసిన కాళ్లతో పెట్టిన గుర్తు, చూస్తే సిగ్గేసింది. "ఇయాల ఇంకేటీ వద్దు. బుధవారం రండి, ఏటీ మొయ్యకండా రండి" అని పంపేసింది.

బుధవారం స్కూలు వదిలాక షేర్ ఆటో ఎక్కి వెళ్లాను. మళ్లీ గోడ మీద మట్టి గుర్తు పెట్టించింది. ఆ తర్వాత బారుని భుజాల మీద పెట్టి కూర్చుని లేవమంది. పిల్లల చేత గుంజీలు తీయించేదాన్ని, ఇనుము మోస్తూ నేనే గుంజీలు తీశాను. మేడం వెనక నిలబడి పట్టుకోడానికి సిద్ధంగా ఉంది. బరువు పెంచుతూ పోయింది. బరువు చాలా ఎక్కువైన చోట, నాలుగైదు సార్లు కాగానే ఆపేయమంది. ఇంకా చెయ్యగలనన్నాను.

"తెలుసండీ. అందుకే ఆపమన్నాను. కూకోండి."

కూర్చున్నాను. ఎంతసేపో కూర్చోబెట్టింది. ఆవిడ తీరిగ్గా పిల్లల షూలేసులు చిక్కు తీసుకుంటోంది. నాకు కాళ్లు ఊరికే ఉండవు, లేవబోతే కసిరింది. ఊపిరి మామూలుగా అయ్యాక, "ఇప్పుడు, ఒంట్లో ఉన్నదంతా పెట్టి" అంది. గెంతాను. గోడ మీద కొత్త గుర్తు పాత గుర్తుకి వేలి మందం పైన పడింది.

వేలి మందమే. కానీ ఆ వేలి మందం చూసి నేను పెట్టిన కేకకి బయట చెట్టు మీద కాకులు లేచాయి.

ఆ తర్వాత మేడం చెప్పిన పద్ధతి సులువు. పెద్ద బరువు కొద్దిసార్లు ఎత్తాలి. కూర్చోవాలి. పూర్తి బలంతో కొన్ని గెంతులు గెంతాలి. మళ్లీ కూర్చోవాలి. గోడ మీద గుర్తు కిందికి జారడం మొదలైతే ఆ రోజుకి ఇంటికి పోవాలి. కిందికి దిగేటప్పుడు చప్పుడు తనకి వినపడకూడదని కూడా చెప్పింది, మోకాళ్లు నలభై ఏళ్లు దాటాక కూడా కావాలి కదా అని. బరువు కాళ్లలో బలం పోగుచేస్తుంది, గెంతు ఆ బలాన్ని చిటికెలో బైటికి తీయడం నేర్పుతుంది. బరువు ఒక్కటే మోస్తే బలమైన మందకొడి మనిషినవుతాను. గెంతు ఒక్కటే గెంతితే తీయడానికి లోపల ఏమీ ఉండదు. బస్తాలు మోసీ మోసీ మా ఊరి ఆడవాళ్ల కాళ్లు రాళ్లలా ఎందుకుంటాయో, అయినా నెట్ దగ్గర ఎందుకు లేవవో నాకప్పుడు అర్థమైంది.

బరువు నాకు కష్టం కాలేదు. కూర్చోవడమే కష్టమైంది. మా కొండ మీద వెలుగుండగా చేతులు ముడుచుకుని కూర్చునేవాళ్లు జ్వరం వచ్చినవాళ్లే. వారానికి ఒకసారి మేడం దగ్గరికి వెళ్లేదాన్ని, ఇంకో రోజు ఇంటి దగ్గరే చేసేదాన్ని. ఎండిన కాఫీ గింజల బస్తా భుజాన వేసుకుని గుంజీలు, తర్వాత గుమ్మం ముందు అరుగు మీద కూర్చోవడం, తర్వాత ఆ అరుగు మీదికే గెంతడం. అత్త అదంతా చూసింది. మొదట అరుగు అంచు విరిగిందని కోప్పడింది. అది నిజమే. అలికిన మర్నాడే పెళ్ల ఊడింది. కానీ ఆమె అసలు బాధ అరుగు గురించి కాదు.

"బస్తా ఎత్తుతావు. రోడ్డుకి మొయ్యవు. మల్లీ దించేసి కూకుంటావు. ఇదేటి పనే? ఎవులైనా సూత్తే మా కోడలికి గాలి సోకిందంటారు."

అక్క మాటలు ఇంకా ఘాటుగా ఉండేవి. నేను గెంతే రోజుల్లో బస్తాలు మొయ్యనని తెగేసి చెప్పాను. ఆ మోత ఆమె మీద పడింది. బదులుగా ఆ రోజుల్లో వంట, పళ్లు ఆరబోయడం, పశువులు నా పని అన్నాను. అయినా ఆమెకి మంటే.

"నీ సోకు గెంతులకి నా నడుం ఇరగాలా?"

"ఇరగదులే అక్కా, గట్టి నడుమే," అన్నాను. అలా అనకుండా ఉండలేను, నా నోరు అలాంటిది.

లొంగింది ముందు అత్తే. ఒక సాయంత్రం నేను బస్తా దించి అరుగు మీద కూర్చుంటే, నా ఊపిరి వంక చాలాసేపు చూసింది. చోళ్లు, అదే రాగులు, చెరుగుతూ, ఎవరితోనో అన్నట్టు అంది.

"దున్నీటప్పుడు ఎడ్లకైతే సాలు సివర ఊపిరి తీసుకోనిత్తాం. కోడలికి ఇయ్యకపోతే పాపం." ఆ మీదట చేట పక్కన పెట్టి, "అరుగు మీద కాదు, పెరట్లో సోల్లు ఆరబోసే బండ మీద గెంతు. అది ఇరగదు," అంది.

ఆ బండ అరుగు కన్నా ఎత్తు. చలికాలం పోయేసరికి నేను దాని మీదికి గెంతి చప్పుడు లేకుండా దిగుతున్నాను. మేడం షెడ్డు గోడ మీద నా మట్టి గుర్తులు పైకి పాకి, మొదటి బుధవారం పెట్టిన దానికి బెత్తెడు పైన నిలిచాయి. ఎత్తు పెరగని వయసులో బెత్తెడు పెరిగిన ఆడది ఈ కొండ మీద నేనొక్కతెనే అని అందరికీ చెప్పుకున్నాను. ఎవరూ కాదనలేదు, అక్క తప్ప. అక్క నా మాట పూర్తి కానివ్వలేదు కూడా.

పురిటికి వెళ్లిన పిల్ల ఆ ఏడాది ఇక ఆడదని తేలింది. ఒక సాయంత్రం ఆటలో అక్క విసుగ్గా, ఎగతాళిగా, బంతిని నా వైపు లేపింది. నేను నాలుగు అడుగులు పరుగెత్తి లేచాను. చెయ్యి బంతికి నిండుగా తగిలింది. బంతి అవతల నేలకి కొట్టుకుని కోళ్ల మధ్యలోంచి దూసుకుపోయింది. కోళ్లు గోలగోలగా చెదిరిపోయాయి. అక్క నా వైపు చూడలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఇంకోటి తే" అని బంతి అందించేవాళ్లతో అంది. తర్వాత ఇంకోటి. మసక పడి బంతి కనపడకుండా పోయేదాకా ఇంకోటి, ఇంకోటి. ఆ రాత్రి అన్నం పెడుతూ, "పోటీలో ముందు నిలబడు," అంది. సంతోషంతో ఇంకో ముద్ద పెట్టించుకున్నాను.

పోటీ చైత్రంలో, విత్తనాలకి, వేటకి మేం చేసుకునే ఇటుకల పండక్కి, కొండ అవతలి ఊళ్లో. ముందు రోజంతా నేనేమీ మొయ్యలేదు. మా ఆయన బిందె భుజాన పెట్టుకుని ఊట నుంచి నీళ్లు తెచ్చాడు. దారి పొడుగునా ఆడవాళ్లు ఆగి చూశారు. నేను గుమ్మంలో కూర్చుని చూశాను. నాకు చాలా బాగుంది.

మొదటి ఆటలన్నీ మావే. ఫైనల్‌కి ముందు నాకొక చిక్కొచ్చింది. కాళ్లని మేలుకొలపాలి, అక్కడ బారూ లేదు, బస్తా లేదు. చుట్టూ చూశాను. మా జట్టులో బరువైన మనిషి అక్కే.

"అక్కా, నా ఈపెక్కు."

"సిగ్గు నేదేటే నీకు?"

"ఎక్కు. బేగి."

ఎక్కింది. అంత పొడుగు మనిషిని, అంత మంది మధ్య, వీపున మోస్తూ నేను గుంజీలు తీశాను. మేళం కొట్టేవాళ్లు కొట్టడం ఆపి చూశారు. పిల్లలు ఈలలు వేశారు. అక్క నా మెడ పట్టుకుని చెవిలో తిడుతూనే ఉంది. దించేసి, చాప మీద కాళ్లు చాపి కూర్చున్నాను. మిగతావాళ్లంతా ఒళ్లు వేడెక్కడానికి గెంతుతుంటే నేను ఊపిరి పీల్చుకుంటూ, అవతలి జట్టుని చూస్తూ కూర్చున్నాను. వాళ్లు హాస్టళ్లలో ఆడి పెరిగిన గుంటలు, పడుచు పిల్లలు, అందరూ చేతికందని ఎత్తు. కానీ భయం వెయ్యలేదు. నా కాళ్ల సంగతి నాకు తెలుసు.

ఆట మొదలైంది. అక్క నాకు ఇచ్చిన మొదటి బంతి వాళ్ల కోర్టు మధ్యలో పడింది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండోది అంచు మీద పడింది. మూడోది కొట్టాక వాళ్ల కెప్టెను గట్టిగా అరిచింది.

"ఆ పొట్టిదానికి ఇద్దరు లెగండే!"

ఇంకెవరైనా ఆ మాట అంటే ఏం చేసేదాన్నో. ఆ రోజు మాత్రం నా గుండె పొంగిపోయింది. అక్కడి నుంచి నేను లేచినప్పుడల్లా నాకెదురుగా రెండు జతల చేతులు లేచేవి. కొన్ని బంతులు వాటిలోంచి దూర్చాను. కొన్ని నా మొహం మీదికే తిరిగొచ్చాయి. వాళ్లు అందుకుంటూ వచ్చారు. చివరికి రెండు జట్లూ సమానమయ్యాయి. మా పోటీల్లో అక్కడ ఇంకొక్క పాయింటు ఎవరికొస్తే పండగ వాళ్లది.

వాళ్ల సర్వీసు మా వెనకవాళ్లు లేపారు. బంతి అక్క మీదికి వెళ్లింది. అక్క ఒక్కసారి నా కళ్లలోకి చూసింది. అంత సూటిగా ఎప్పుడూ చూడలేదు. ఇది నాదే అనుకున్నాను. పరుగెత్తాను. రెండు కాళ్లూ నేలలో దిగేసి, ఉన్నదంతా పెట్టి లేచాను. అంత ఎత్తు నేను అంతకుముందు లేవలేదు, ఆ తర్వాత కూడా లేవలేదేమో. నా అరచెయ్యి మొత్తం నెట్ అంచు దాటి పైకి పోయింది. ఎదురుగా ఆ ఇద్దరు గుంటలూ చేతులు చాపి లేచారు, వాళ్ల మొహాల్లో కంగారు నాకు కనిపించింది. చెయ్యి వెనక్కి తీసి కొట్టాను.

చేతికి ఏమీ తగల్లేదు. బంతి అక్కడ లేదు. అక్క దాన్ని తల వెనక్కి, అటు చివరికి పంపేసింది. అక్కడ మా జట్టు పిల్ల ఒక్కతే, ఎదురుగా ఎవరూ లేరు. అది హాయిగా, చపాతీ వేసినట్టు, బంతిని ఖాళీ నేల మీద వేసింది.

జనం కోర్టులోకి దూకారు. మేళం మొదలైంది. నేను చప్పుడు లేకుండా కిందికి దిగి, కోపంగా అక్క మీదికి వెళ్లాను.

"నాకిత్తానన్నట్టు సూసి, అటేల ఇచ్చేవు? అది నా బంతి!"

అక్క ఒగరుస్తోంది. చెమట తుడుచుకుంటూ అంది, "నీకిత్తానని ఆల్లు నమ్మాలి కదా."

"ముందే నాకు సెప్పొచ్చు కదా. ఊరికే ఎగిరీదాన్ని."

"ఊరికే ఎగిరితే అంతెత్తు లెగుత్తావేటే? నీకిత్తాననుకున్నావు గనకే లెగిసేవు. ఆ ఇద్దరూ నీతోపాటే లెగిసేరు," అంది. ఇంకో ఊపిరి తీసుకుని, చూపు పక్కకి తిప్పి, "నువ్వు లెగుత్తావని నాకు తెలుసు," అంది.

ఏళ్ల తరబడి నా చేతికి బంతి ఇవ్వని మనిషి, ఆ ఆట మొత్తాన్ని నా కాళ్ల మీద పెట్టేసి, నేను లేచానో లేదోనని వెనక్కి కూడా తిరిగి చూడలేదు.